షుగరు ఉన్న పిల్లికి మన పథ్యం పనికిరాదు

చక్కెరవ్యాధి మనుషులకు మాత్రమే వచ్చే జబ్బు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కుక్కలకూ వస్తుంది, పిల్లులకూ వస్తుంది. వయసు మళ్లి, ఒళ్లు చేసి, రోజంతా సోఫా మీద పడుకునే ఇంటిపిల్లికి వచ్చే అవకాశం మరీ ఎక్కువ. పట్టణాల్లో పిల్లి ఎలుకను పట్టడం మానేసింది. గిన్నెలో పోసింది తిని పడుకుంటోంది. మనుషుల్లో ఈ వ్యాధి పెరగడానికి కారణమైన అలవాట్లే పిల్లికీ అబ్బాయి.

మా ఆసుపత్రికి షుగరు చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరు తమ చీటీ రాయించుకున్నాక, లేవబోతూ కాస్త మొహమాటంగా, "మా పిల్లికి కూడా షుగరట డాక్టరు గారూ! ఏం పెట్టమంటారు?" అని అడుగుతున్నారు. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. నోరులేని ప్రాణిని ఇంట్లో పెట్టుకున్నాక దాని తిండి సంగతి మనం చూడక ఎవరు చూస్తారు?

నేను మనుషులకు వైద్యం చేసేవాణ్ని. పిల్లికి రోగనిర్ణయం చేయవలసినవాడు, మందు రాయవలసినవాడు పశువైద్యుడే. అయితే తిండి విషయంలో షుగరు రోగులున్న ఇళ్లలో ఒక పొరపాటు తరచు జరుగుతోంది. ఇంటాయన అన్నం మానేసి రాత్రిపూట చపాతీలు తింటుంటాడు. పొద్దున్నే రాగిజావ తాగుతాడు. పిల్లికి కూడా షుగరని తెలియగానే, పాలన్నం మాన్పించి పాలలో నానిన చపాతీ ముక్కలు పెడతారు, లేదా రాగిజావ పోస్తారు. పథ్యం చేయిస్తున్నామని తృప్తిపడతారు. పిల్లి మాత్రం నానాటికీ చిక్కిపోతుంది.

ఎందుకని? 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటుంది. గోధుమపిండిలోనూ రాగిపిండిలోనూ ఇంచుమించు 70 గ్రాములుంటుంది. పీచు ఎక్కువ కనుక రాగులు మనిషికి కొంత నయం. పిల్లికి ఆ తేడా లెక్కలోకి రాదు. దానికి కావలసింది వేరే రకం పిండి కాదు. పిండి లేని తిండి.

పిల్లి ఒళ్లు వేరు

మనం నోట్లో అన్నం పెట్టుకుని నమలగానే లాలాజలంలోని ఎమిలేజ్ అనే రసం పిండిని అరిగించడం మొదలుపెడుతుంది. పిల్లి లాలాజలంలో ఆ రసం లేదు. భోజనం చేయగానే రక్తంలోకి వచ్చిపడే గ్లూకోజును చప్పున పట్టి దాచుకునే శక్తి మన కాలేయానికి ఉన్నంతగా పిల్లి కాలేయానికి లేదు. అది మాంసకృత్తుల నుంచే గ్లూకోజును తయారుచేసుకుంటుంది. తిన్నా తినకపోయినా ఆ పని సాగుతూనే ఉంటుంది.

ఎలుకలనూ పిట్టలనూ పట్టి తినే పిల్లుల ఆహారాన్ని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మొత్తం కేలరీలలో సగానికి పైగా మాంసకృత్తుల నుంచి, మిగతాది దాదాపు అంతా కొవ్వు నుంచి వస్తోంది. పిండిపదార్థం వాటా సుమారు 2 శాతం. మనం పెట్టే పాలన్నంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

పాల గురించి ఒక మాట. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర సరిగా అరగదు. ఆవుపాలు 100 గ్రాములలో ఆ చక్కెర సుమారు 5 గ్రాములుంటుంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నె చూస్తేనే పారిపోయేదని కథ చెప్పుకుంటాం. షుగరు ఉన్న పిల్లికి ఆ బుద్ధి ఉంటే ఎంతో మేలు. దానికి మంచినీళ్లే తాగడానికి తగినవి.

ఎప్పుడు అనుమానించాలి?

నీళ్లు విపరీతంగా తాగడం, మూత్రం మాటిమాటికీ పోయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం, ఇవి ముఖ్య లక్షణాలు. పిల్లి పోసిన చోట చీమలు చేరితే చూసీ చూడనట్లు ఊరుకోకండి. మరికొన్ని పిల్లులు వెనుక కాళ్లను వేళ్ల మీద కాక మడమల దాకా నేలకు ఆనించి నడుస్తాయి. నరాలు దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు. లావుగా ఉన్నవాటికి, శస్త్రచికిత్స చేయించిన మగపిల్లులకు, దురదల కోసం స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాటికి ఈ ప్రమాదం ఎక్కువ.

ఒక్కసారి రక్తం చూసి షుగరని తేల్చేయడం పిల్లి విషయంలో కుదరదు. బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకుపోయి, కొత్తవాళ్లు పట్టుకుంటే ఆ బెదురుకే దాని రక్తంలో గ్లూకోజు బాగా పెరిగిపోతుంది. అందుకని పశువైద్యుడు మూత్రం కూడా చూస్తాడు. గత కొద్దివారాల సగటును తెలిపే ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష కూడా అవసరాన్ని బట్టి చేయిస్తాడు.

వెట్ ఫుడ్ ఎందుకు?

బజారులో దొరికే పిల్లి ఆహారం రెండు రకాలు. గుళికలుగా ఉండే పొడి ఆహారం, అంటే డ్రై ఫుడ్. పొట్లాల్లో, డబ్బాల్లో మెత్తగా ఉండే తడి ఆహారం, అంటే వెట్ ఫుడ్. గుళిక గుళికగా నిలబడాలంటే అందులో పిండి కలపక తప్పదు. బియ్యం, మొక్కజొన్న, గోధుమ, ఏదో ఒకటి ఉంటుంది. అందువల్ల మామూలు డ్రై ఫుడ్‌లో కేలరీలలో మూడోవంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పిండి నుంచే వస్తాయి. వెట్ ఫుడ్‌లో ఆ ఇబ్బంది లేదు. పైగా అందులో 80 శాతం దాకా నీరు ఉంటుంది. కడుపు నిండుతుంది, కేలరీలు తక్కువగా చేరతాయి, ఒంటికి నీరు పడుతుంది.

షుగరు ఉన్న పిల్లికి మొత్తం కేలరీలలో పిండిపదార్థం వాటా సుమారు 12 శాతానికి మించకుండా ఉంటే మంచిది. 10 లోపు ఉంటే ఇంకా మంచిది. అయితే వెట్ ఫుడ్ అన్నంతమాత్రాన అన్నీ ఇలాంటివేనని అనుకోకండి. లెక్క చూసుకోవాలి.

పొట్లం వెనుక లెక్క

పొట్లం మీద పిండిపదార్థం ఎంతో చాలామంది తయారీదారులు వేయరు. మనమే కట్టుకోవాలి. క్రూడ్ ప్రోటీన్ అంటే మాంసకృత్తులు, క్రూడ్ ఫ్యాట్ అంటే కొవ్వు, క్రూడ్ ఫైబర్ అంటే పీచు, మాయిశ్చర్ అంటే నీరు, యాష్ అంటే ఖనిజలవణాలు. ఈ అయిదింటినీ కూడి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. యాష్ వేయకపోతే వెట్ ఫుడ్‌కు 2 అనీ, డ్రై ఫుడ్‌కు 8 అనీ వేసుకోండి.

ఒక పొట్లం మీద మాంసకృత్తులు 10, కొవ్వు 5, పీచు 1, నీరు 80, ఖనిజలవణాలు 2 అని ఉన్నాయనుకోండి. మొత్తం 98. పిండి 2. ఇప్పుడు కేలరీలు చూద్దాం. పిల్లి ఆహారంలో మాంసకృత్తులకూ పిండికీ గ్రాముకు మూడున్నర చొప్పున, కొవ్వుకు ఎనిమిదిన్నర చొప్పున వేస్తారు. మాంసకృత్తుల వల్ల 35, కొవ్వు వల్ల 42.5, పిండి వల్ల 7, మొత్తం 84.5 కేలరీలు. అందులో పిండి వాటా 8 శాతం చిల్లర. ఇది పనికివస్తుంది.

ఇంకో పొట్లం మీద మాంసకృత్తులు 7.5, కొవ్వు 2.5, పీచు అర, నీరు 82, ఖనిజలవణాలు 2 అని ఉన్నాయి. పిండి 5.5 వస్తుంది. "అయిదున్నరే కదా!" అని మోసపోకండి. నీరు తీసేస్తే ఇందులో మిగిలే సరుకే 18 గ్రాములు. కేలరీలు కడితే మొత్తం సుమారు 67, అందులో పిండివి 19. అంటే 29 శాతం దాకా పిండే! డ్రై ఫుడ్‌కు ఇది పెద్దగా తీసిపోదు. మాంసకృత్తులు 32, కొవ్వు 12, పీచు 4, నీరు 10, ఖనిజలవణాలు 8 ఉన్న గుళికలను ఇదే పద్ధతిలో కడితే దాదాపు 36 శాతం తేలుతుంది.

పొట్లం మీద వేసేవి కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అనే అంకెలు. కనుక మన లెక్క ఉజ్జాయింపే. అయినా మంచి పొట్లాన్నీ చెడ్డ పొట్లాన్నీ వేరుచేయడానికి అది చాలు.

కొనేటప్పుడు

గ్రేవీ అని రాసి ఉన్నవాటిని అనుమానించండి. ఆ చిక్కదనం తరచు పిండి వల్ల వస్తుంది. మెత్తగా ముద్దలా ఉండే పాటే, మూస్, లోఫ్ రకాలలో పిండి సాధారణంగా తక్కువ. జెల్లీ రకాలు కొన్ని బాగుంటాయి, కొన్ని బాగుండవు. లెక్కే గతి.

దినుసుల జాబితాలో మొదట మాంసమో, చేపో, కాలేయమో ఉండాలి. బియ్యం, గోధుమపిండి, మొక్కజొన్న, బంగాళాదుంప, చక్కెర వంటివి ముందు వరసలో కనిపిస్తే పొట్లాన్ని తిరిగి అక్కడే పెట్టేయండి.

గ్రెయిన్ ఫ్రీ అనే మాట చూసి సంబరపడవద్దు. ధాన్యం తీసేసి, దాని స్థానంలో బఠానీలో, బంగాళాదుంపలో, కర్రపెండలమో వేసి ఉండవచ్చు. అవీ పిండే కదా!

కంప్లీట్ అని రాసి ఉన్నదే రోజువారీ తిండిగా పనికివస్తుంది. కాంప్లిమెంటరీ అని ఉంటే అది చిరుతిండి మాత్రమే. దానిలో పిల్లికి కావలసిన లవణాలు, విటమిన్లు అన్నీ ఉండవు. పెద్ద పిల్లికి తగినదా, కూనలకు ఉద్దేశించినదా అన్నది కూడా చూడండి.

ఎంత పెట్టాలి? 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. నేను పైన చెప్పిన మంచి రకం 85 గ్రాముల పొట్లంలో 72 కేలరీల దాకా ఉంటాయి. అంటే రోజుకు మూడు పొట్లాలకు కొంచెం తక్కువ. మీ పిల్లికి ఎంతన్నది దాని బరువు చూసి పశువైద్యుణ్ని చెప్పమనండి. మూత్రపిండాల జబ్బు గాని, క్లోమగ్రంథి వాపు గాని ఉన్న పిల్లికి తిండి వేరుగా ఉండాలి. అలాంటి పిల్లికి ఈ వ్యాసం చూసి తిండి మార్చకండి.

ఇంట్లో వండి పెట్టవచ్చా?

పొట్లాలు ఖరీదు. ఉడికించిన కోడిమాంసం పెడితే చాలదా అని అడుగుతారు. అందులో పిండి లేదన్న మాట నిజమే. కాని ఒట్టి మాంసంలో సున్నం చాలదు. రోజూ అదే పెడితే ఎముకలు దెబ్బతింటాయి. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి. అది లోపిస్తే కంటిచూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడి ప్రాణం మీదికి వస్తుందని 1987లోనూ అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కనుక పూర్తిగా ఇంటి వంటే పెట్టదలచుకుంటే, ఏవి ఎంతెంత కలపాలో పశువైద్యుని చేత రాయించుకోండి. లేకపోతే రోజు మొత్తం కేలరీలలో పదోవంతు మించకుండా, ఒక చిన్న ముక్క మాత్రం ముచ్చటకు పెట్టండి.

ఆ ముక్కకు ఉప్పు, కారం, మసాలా తగలనివ్వకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం. రక్తకణాలు చిట్లిపోయి రక్తహీనత వస్తుంది. కూరలో ముక్క కడిగి పెట్టినా ఆ రసం ముక్కలోకి దిగే ఉంటుంది. ఉడికిన ఎముకలు, పచ్చిచేప, ఉప్పుచేప కూడా వద్దు.

శాకాహారుల ఇళ్లలో పెరుగన్నంతో పెరిగిన పిల్లులు ఎన్నో ఉన్నాయి. ఆ ఇల్లాళ్ల ఆచారాన్ని నేను తప్పుపట్టను. కాని పిల్లి శరీరం మాంసం మీదే ఆధారపడింది. మూతవేసిన పొట్లం పెరట్లోనో, వరండాలోనో విప్పి, వేరే గిన్నెలో పెట్టవచ్చు. వంటింట్లోకి రానివ్వనవసరం లేదు. అదీ వీలుకాదనుకుంటే, వీలైన ఇంటివారికి పిల్లిని అప్పగించడం దయే అవుతుంది.

ఇన్సులిన్ వాడుతుంటే ఇది తప్పక చదవండి

ఈ వ్యాసంలో మిగతా అంతా మరిచిపోయినా, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. పిండి తగ్గిస్తే రక్తంలో గ్లూకోజు తగ్గుతుంది. ఇన్సులిన్ మోతాదు మాత్రం పాతదే ఉంచితే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. మంచి తిండే ప్రాణం తీయవచ్చు!

పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు నాకు చెప్పిన సంగతి ఇది. ఆయనకూ షుగరే, ఆయన పిల్లికీ షుగరే. ఇద్దరూ ఇన్సులిన్ మీదే ఉన్నారు. ఎవరో చెప్పగా గుళికలు ఒక్కసారిగా మాన్పించి, పిండి తక్కువగా ఉన్న వెట్ ఫుడ్ మొదలుపెట్టారు. పశువైద్యుడికి చెప్పలేదు. "తిండే కదా మార్చింది, మందు కాదు కదా" అనుకున్నారు. అయిదోరోజు ఉదయం పిల్లి తూలింది, గోడకు కొట్టుకుంది, ఒళ్లు వణికింది. ఆయన భార్య చూడగానే గుర్తుపట్టింది. షుగరు పడిపోయినప్పుడు భర్త కూడా అలాగే తూలడం ఆమె ఒకసారి చూసింది. వెంటనే తేనె వేలితో తీసి పిల్లి చిగుళ్లకు పూసింది. ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్లి బతికింది. ఇన్సులిన్ మోతాదు సగానికి తగ్గింది. ఆ ఇల్లాలు అంత త్వరగా గుర్తుపట్టకపోతే అది దక్కేది కాదు.

కనుక ఇన్సులిన్ తీసుకునే పిల్లికి తిండి మార్చే ముందు పశువైద్యునితో చెప్పండి. మార్చే రోజుల్లో రక్తపరీక్షలు తరచు చేయించి, ఆయన చెప్పిన ప్రకారం మోతాదు సర్దాలి. నీరసం, తూలడం, వణుకు, మూర్ఛ కనిపిస్తే తేనె గాని, చిక్కని గ్లూకోజు నీళ్లు గాని చిగుళ్లకు పూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి. స్పృహలేని పిల్లి గొంతులో ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉన్నప్పుడు పళ్ల మధ్య వేలు పెట్టకండి.

సిరంజి విషయంలో కూడా జాగ్రత్త. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. దేని సిరంజి దానికే. 40 రకానికి ఎర్రమూత, 100 రకానికి నారింజరంగు మూత ఉంటుంది. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ లోపలికి పోతుంది. పిల్లి మోతాదు సాధారణంగా ఒకటి రెండు యూనిట్లే. ఇక ఆ తేడా ఎంతటిదో మీరే ఊహించండి. ఇంటాయన మందు, ఇంటాయన మాత్రలు పిల్లికి సొంతంగా వేయడం అసలే వద్దు.

ఉపవాసం పెట్టకండి

పిల్లి లావుగా ఉందని, కొత్త తిండి తినకపోతే ఆకలేసినప్పుడు అదే తింటుందని, గిన్నె ఖాళీగా ఉంచకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి కామెర్లు వస్తాయి. ప్రాణాపాయం ఉంటుంది. పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. పొట్లాన్ని కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన వచ్చి ఇష్టంగా తింటుంది. బరువు వారానికి ఒక శాతం చొప్పున తగ్గితే చాలు. 6 కిలోల పిల్లికి అది 60 గ్రాములు.

షుగరు పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ ముడుచుకుని పడుకుంటే, రేపు చూద్దామనుకోకండి. రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇంత శ్రమ దేనికి?

మనుషుల చక్కెరవ్యాధి చాలావరకు జీవితాంతం మనతో ఉండేదే. పిల్లి విషయంలో ఒక ఆశ ఉంది. వ్యాధిని మొదట్లోనే పట్టి, ఇన్సులిన్ సక్రమంగా ఇచ్చి, పిండి తక్కువ తిండి పెడితే, కొన్ని పిల్లులకు కొద్దివారాల్లోనో, కొద్దినెలల్లోనో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అన్నిటికీ ఈ అదృష్టం పట్టదు. పట్టినా, మళ్లీ పాలన్నం మొదలుపెడితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. ఆలస్యం చేసినకొద్దీ క్లోమగ్రంథి అలసిపోయి ఆ అవకాశం తగ్గిపోతుంది.

కనుక ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. వారానికొకసారి పిల్లి బరువు, రోజూ అది తాగిన నీళ్లు, తిన్న తిండి, వేసిన మందు అందులో రాయండి. పశువైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పిల్లితోపాటు ఆ పుస్తకాన్నీ, తిండి పొట్లాన్నీ తీసుకువెళ్లండి. మీ రాగిజావ మీరు తాగండి. పిల్లి గిన్నెలో మాత్రం పోయకండి.